ఫ్రాన్స్‌లో ఫిజాక్ దగ్గర పల్లెలో అద్దె ఇల్లు: కాపురం ఎలా ఉంటుంది, పెద్దవాళ్ళు వస్తే ఎలా?

కొత్తకాపురం_31 · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేం టులూజ్‌లో ఉంటున్నాం. మావారికి ఫిజాక్‌లో విమాన విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, మార్చిలో చేరాలి. రెండు ఇళ్ళు చూశాం. ఒకటి ఫిజాక్ టౌన్‌లో చిన్న అపార్ట్‌మెంట్. రెండోది అక్కడికి 14 కిలోమీటర్ల దూరంలో, సెలే నది లోయలో ఒక పల్లెలో పాత రాతి ఇల్లు. అద్దె రెండింటికీ ఇంచుమించు ఒకటే. కానీ పల్లె ఇంటికి పెరడు ఉంది, వాల్‌నట్ చెట్టు ఉంది, మూడు బెడ్‌రూమ్‌లు. ఊళ్ళో మేరీ (పంచాయతీ ఆఫీసు లాంటిది), చర్చి తప్ప ఇంకేం లేవు. బేకరీ కూడా లేదు, రొట్టెల వ్యాన్ వస్తుందన్నారు.

పాపకి నాలుగేళ్ళు. నాకు ఫ్రెంచ్ ఓ మోస్తరుగా వచ్చు. లైసెన్స్ మాత్రం ఇండియాదే, వచ్చి ఏడాది దాటింది.

ఇంకో సంగతి. జూలైలో మా అత్తయ్యగారూ మావయ్యగారూ భీమవరం నుంచి వస్తున్నారు, రెండు నెలలుంటారు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. మావయ్యగారికి బీపీ, పైగా ఒక్కచోట కూర్చోలేరు. "చూసి రావడానికే పల్లెలు, కాపురానికి కాదు" అంటున్నారు ఇక్కడి ఫ్రెండ్స్. అక్కడ ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ప్యారిస్_పప్పుచారు · సోమవారం, రాత్రి 9:40

ఫ్రెండ్స్ కరెక్టే చెప్పారు. కిందటేడు వారం రోజులు అటువైపే ఒక పల్లెలో దిగాం. చర్చి గడియారం రాత్రంతా గంటలు కొడుతుంది, అదీ ఒక్కోసారి రెండేసి మార్లు! పన్నెండు కొట్టి, నిమిషం తర్వాత మళ్ళీ పన్నెండు. తెల్లారితే కోడి. ఆదివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం దాకా ఏ షాపూ లేదు. టౌన్‌లో తీసుకోండి.

లోట్‌లో_లంకవాడు · సోమవారం, రాత్రి 10:25

పప్పుచారు బ్రదర్, ఆ రెండో దఫా గంటలు పొలంలో ఉన్నవాళ్ళు మొదటిసారి లెక్క తప్పితే మళ్ళీ లెక్కపెట్టుకోడానికట. మా ఊళ్ళో ముసలాయన చెప్పాడు. కోడి మీద కేసు వేద్దామనుకుంటే జాగ్రత్త. ఓలెరోన్ ద్వీపంలో మోరిస్ అనే కోడిపుంజు కూస్తోందని పక్కింటివాళ్ళు కోర్టుకెళ్తే 2019లో కోడే గెలిచింది. 2021 జనవరిలో ఏకంగా పార్లమెంటు చట్టం చేసింది, పల్లెల శబ్దాలూ వాసనలూ కూడా దేశ వారసత్వమేనని.

ఇక అమ్మా కొత్తకాపురం, నేను మీరు చెప్పే లోయకి పక్క లోయలోనే ఉంటున్నాను. మాది అమలాపురం దగ్గర. ఇల్లూ పెరడూ చూసి నిర్ణయించకండి, ముందు మీ లైసెన్స్ సంగతి తేల్చుకోండి. మన ఇండియా లైసెన్స్ ఇక్కడ నివాసం మొదలైన ఏడాది వరకే చెల్లుతుంది. తర్వాత మళ్ళీ మొదట్నుంచి థియరీ పరీక్ష (40 ప్రశ్నల్లో 35 రావాలి), ఆపైన రోడ్డు టెస్ట్. టెస్ట్‌కి డేట్ దొరకడానికే నెలలు పడుతుంది. ఈలోగా మీ ఆయన పొద్దున ఏడున్నరకి కారేసుకుని వెళ్ళిపోతే సాయంత్రం దాకా మీరూ పాపా ఆ ఊళ్ళోనే. బస్సు ఉంటుంది గానీ అది ఎక్కువగా స్కూలు పిల్లల టైముకి నడుస్తుంది, సెలవుల్లో ఇంకా తక్కువ. కొన్నిచోట్ల ముందురోజు ఫోన్ చేసి బుక్ చేసుకుంటే వచ్చే చిన్న వ్యాన్ ఉంటుంది. మీ కమ్యూన్‌కి (మన పంచాయతీ లాంటిది) ఉందో లేదో మేరీలో అడగండి.

రెండోది చలి. ఈ రాతి ఇళ్ళు జూలైలో స్వర్గం, గోడలు రెండడుగుల పైనే మందం కాబట్టి ఏసీ అక్కర్లేదు. జనవరిలో అవే గోడలు ఐస్ గడ్డలు. హీటింగ్ దేనితోనో అడిగారా? కట్టెల పొయ్యి అయితే కట్టెలు "స్టేర్" లెక్కన కొంటారు, అంటే ఒక ఘనపు మీటరు. రెండేళ్ళు ఆరిన ఓక్ కట్టె కావాలి, పచ్చిది అంటగడితే పొగ తప్ప వేడి రాదు. పొగగొట్టం ఏటా శుభ్రం చేయించి సర్టిఫికెట్ దాచుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు. సెప్టిక్ ట్యాంకు ఎవరు ఖాళీ చేయించాలో కూడా అగ్రిమెంట్‌లో చూసుకోండి.

ఇవన్నీ చెప్పి భయపెడుతున్నానని కాదు. నేనైతే టౌన్‌కి తిరిగి వెళ్ళను.

వరంగల్_పోరడు · మంగళవారం, ఉదయం 8:05

అక్కా, కాపురం గురించి నాకు తెల్వదు గానీ, పేరెంట్స్‌ని తీసుకుని ఆగస్టులో అటే తిరిగినం. మస్తు నచ్చింది, కానీ టైమింగ్స్ తెలియక మొదటి రెండ్రోజులు ఆకలితో చచ్చినం. రెస్టారెంట్ల వంటిల్లు పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకే. రెండుకి పోతే "అయిపోయింది" అంటరు, బతిమాలినా లాభం లేదు. షాపులు కూడా పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా బంద్. మళ్ళా రాత్రి ఏడు దాటినంకనే తిండి. అంకుల్ ఆంటీ వస్తే కారులో పులిహోర డబ్బా పెట్టుకోండి, నది ఒడ్డున బల్లలు వేసి ఉంటయ్, అక్కడ కూర్చుని తినొచ్చు.

రొకమదూర్ తప్పక చూపించండి. కొండచరియకి అతికించినట్టు ఊరు, పైన నల్ల మేరీమాత గుడి. 216 మెట్లు. పాతకాలంలో యాత్రికులు మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళంట. మా అమ్మ వినంగనే "మన మోకాళ్ళ పర్వతం లెక్క" అని చెప్పులు విడిచి ఎక్కింది, ఫ్రెంచోళ్ళు ఫోటోలు తీసుకున్నరు. మోకాళ్ళ నొప్పులుంటే లిఫ్ట్ కూడా ఉంది, డబ్బులు కట్టాలి. ఎండకు ముందు, పొద్దున తొమ్మిదికే చేరుకోండి.

పెష్ మెర్ల్ గుహకి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేయండి. రోజుకు 700 మందినే పంపిస్తరు. లోపల మచ్చల గుర్రాల బొమ్మలు, దాదాపు 29 వేల ఏళ్ళ కిందివి. 1922లో ఆ ఊరి పిల్లలే కనిపెట్టిన్రు. లోపల చల్లగా ఉంటది, అంకుల్‌కి స్వెటర్ ఉండాలె.

కొత్తకాపురం_31 · మంగళవారం, ఉదయం 9:30

థాంక్యూ తమ్ముడూ, పులిహోర ఐడియా అత్తయ్యగారికి ఇప్పుడే చెప్పాను, సంతోషించారు.

లంకవాడు గారూ, లైసెన్స్ మాట నిజమే, దాని గురించే టెన్షన్. హీటింగ్ కట్టెల పొయ్యి, దానికి తోడు కరెంటు హీటర్లు అన్నారు. డాక్టర్ సంగతి ఏమిటి? మావయ్యగారికి ఏదైనా అయితే?

అవేరోన్_అక్క · మంగళవారం, మధ్యాహ్నం 1:50

నేను అవేరోన్ జిల్లాలో ఓబ్రాక్ పీఠభూమి మీద ఉంటాను. మా ఆయనది ఇక్కడే, ఆవుల రైతు. డాక్టర్ మాటకొస్తే దాచకుండా చెప్తాను. ఇక్కడ రెగ్యులర్ డాక్టర్ దొరకడం కష్టం. ఉన్నవాళ్ళు రిటైర్ అవుతున్నారు, కొత్తవాళ్ళు రావడం లేదు, కొత్త పేషెంట్లని తీసుకోం అంటారు. మీరు టులూజ్‌లో ఉండగానే మీ ముగ్గురి చెకప్‌లూ పూర్తి చేసుకోండి. మీ మావయ్యగారు బీపీ మందులు రెండు నెలలకి సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలాగూ వీసాకి తప్పదు.

ఎమర్జెన్సీ అయితే మాత్రం భయం లేదు. 15కి ఫోన్ చేస్తే డాక్టరే లైన్‌లోకి వచ్చి ఏం చేయాలో చెప్తారు. 112 అన్నా పర్లేదు. పల్లెల్లో ముందు ఇంటికొచ్చేది తరచూ పోంపియే, అంటే ఫైర్ సర్వీసు వాళ్ళు. ఫ్రాన్స్‌లో వాళ్ళలో ఐదింట నలుగురు వాలంటీర్లే. ప్లంబరో, టీచరో, బీప్ మోగగానే పని ఆపి వచ్చేస్తారు. మా అమ్మాయి జ్వరంతో ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు మొదట తలుపు తట్టింది మాకు చీజ్ అమ్మే ఆవిడ. డిసెంబర్‌లో వాళ్ళు కేలండర్లు పట్టుకుని ఇంటింటికీ వస్తారు, ఖాళీ చేతుల్తో పంపకండి.

అన్నట్టు ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండుకి చాలా ఊళ్ళలో సైరన్ మోగుతుంది. టెస్టింగ్ అంతే. మావయ్యగారికి ముందే చెప్పి పెట్టండి.

తిండి: అత్తయ్యగారికి ఇక్కడి హోటళ్ళు కష్టమే. సలాడ్ అని చెప్తారు, పైన పంది ముక్కలు చల్లుతారు. "మాంసం తినం" అంటే చేప తెస్తారు. మా వైపు అలిగో అని బంగాళాదుంప, తాజా చీజ్, క్రీము, వెల్లుల్లి కలిపి తీగ సాగేలా చేస్తారు, పక్కన సాసేజ్ వద్దని ముందే చెప్పాలి. పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలో నుంచి తీసే పదార్థం వాడతారు, కాబట్టి మరీ నిష్ఠగా ఉండేవాళ్ళు ఇక్కడి పాతరకం చీజ్‌లు తినరు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇంట్లో వండుకుంటే మాత్రం రాజభోగం. పక్కవాళ్ళ పెరట్లో ఓజేయ్ ఉందేమో చూడండి, అది మన చుక్కకూరకి అక్కాచెల్లెలే, పప్పులో వేస్తే తేడా తెలీదు. వేసవిలో కూరగాయల మడుల మధ్య గంగవాయిలి కూర కలుపు మొక్కలా పాకుతుంది. మా ఎదురింటాయన పీకి పారేస్తుంటే నేను బుట్ట పట్టుకెళ్ళి తెచ్చుకుంటాను. ఆయన ఇప్పుడు శుభ్రంగా కట్టలు కట్టి గుమ్మం ముందు పెడుతున్నాడు. కందిపప్పు మాత్రం టులూజ్ నుంచే తెచ్చుకోవాలి. పుయి అనే రకం, పెసలంత ఉండే పచ్చ లెంటిల్స్ ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ ఉంటాయి, వాటితో పప్పుచారు బాగానే కుదురుతుంది.

ప్యారిస్_పప్పుచారు · మంగళవారం, మధ్యాహ్నం 2:15

నా పేరు మీద పప్పు వండితే అభ్యంతరం లేదు 😀 కానీ అక్కా, వేట గురించి ఎవరూ చెప్పరేం? ఉదయం వాకింగ్‌కి వెళ్తే తుపాకులతో మనుషులు, కుక్కలు. మా ఆవిడ ఆ రోజే తిరిగి వెళ్దామంది.

అవేరోన్_అక్క · మంగళవారం, మధ్యాహ్నం 2:40

అడిగావు కాబట్టి చెప్తాను. వేట ముఖ్యంగా సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి చివర వరకు. అడవిపందులు మొక్కజొన్న చేలని నాశనం చేస్తాయి, రైతులకి వేటగాళ్ళు కావాలి. మా ఆయనా అదే అంటాడు. కానీ 2020 డిసెంబర్‌లో ఫిజాక్ ఉన్న లోట్ జిల్లాలోనే, తన ఇంటి దగ్గర కట్టెలు కొట్టుకుంటున్న 25 ఏళ్ళ కుర్రాణ్ణి పంది అనుకుని కాల్చేశారు. అప్పట్నుంచీ ఇక్కడ ఈ మాటెత్తితే భోజనాల బల్ల దగ్గర గొడవే. "వేట జరుగుతోంది" అని బోర్డు కనిపిస్తే ఆ దారి వదిలేయండి. చలికాలం ఆదివారాల్లో అడవి దారులకి వెళ్ళేటప్పుడు పాపకి కూడా నారింజ రంగు జాకెట్ వేయండి. జూలైలో ఈ బెడద తక్కువ, అప్పుడు చూసుకోవాల్సింది గడ్డిలో పేలు లాంటి పురుగుల్ని. నడిచి వచ్చాక కాళ్ళు, మోకాళ్ళ వెనక వెతికి తీసేయాలి, కుట్టిన చోట ఎర్రటి వలయం కనిపిస్తే డాక్టర్‌కి చూపించాలి.

యానాం_మావయ్య · మంగళవారం, రాత్రి 8:30

అమ్మాయ్, ఆలస్యంగా చూశాను. మాది యానాం. యానాంని ఫ్రాన్స్ ఇండియాకి అప్పగించిన ఒప్పందం 1962లో అమల్లోకి వచ్చాక ఆరు నెలల గడువులో మా నాన్నగారు ఫ్రెంచి జాతీయత కోరుకున్నారు, అలా వచ్చిపడ్డాం ఇక్కడికి. ఉద్యోగమంతా ప్యారిస్ శివార్లలో చేసి, రిటైరయ్యాక క్రూజ్ జిల్లాలో పల్లెకి చేరాం నేనూ మా ఆవిడా. కాబట్టి నా మాట కాస్త మొహమాటం లేకుండా ఉంటుంది.

ముందు నీ అత్తామామల వీసా సంగతి. మీ ఇంట్లో దిగుతున్నారు కాబట్టి "అతెస్తాసియోన్ దకేయ్" కావాలి, అంటే అతిథుల్ని మా ఇంట్లో పెట్టుకుంటాం అని మీరిచ్చే పత్రం. అది నువ్వుండే ఊరి మేరీలోనే తీసుకోవాలి. జూలైలో వస్తున్నారు అంటే వీసా అపాయింట్‌మెంట్‌కి ముందే కాగితం హైదరాబాద్ చేరాలి. మార్చిలో ఇల్లు మారితే కొత్త ఊళ్ళోనే చేయించాలి. చిన్న ఊరి మేరీ వారంలో రెండు మూడు పూటలే తెరుస్తారు, సంతకం పెట్టే మేయర్‌గారు ఆ పూట పొలంలో ఉండొచ్చు. మా బంధువులకి చేయించినప్పుడు 30 యూరోల స్టాంప్ పెట్టాం, అది వీసా రాకపోయినా తిరిగి రాదు. అద్దె అగ్రిమెంట్, జీతం కాగితాలు, ఇల్లు ఎన్ని చదరపు మీటర్లో అన్నీ పట్టుకెళ్ళు. మార్చిలో దిగిన వారంలోనే ఆ పని చూసుకో.

ఇక పల్లెలో మనల్ని కలుపుకుంటారా అని నువ్వు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. మొదటి వారంలోనే మేరీకి వెళ్ళి పరిచయం చేసుకో. ఎదురైన ప్రతి మనిషికీ బోంజూర్ చెప్పు. షాపులోకి అడుగుపెట్టగానే గదిలో ఉన్నవాళ్ళందరికీ కలిపి ఒకసారి చెప్పాలి. చెప్పకుండా "ఇది ఎంత?" అని అడిగితే అక్కడే పని చెడుతుంది. ఎవరైనా "అపెరో"కి రమ్మంటే అది సాయంత్రం పూట తాగడానికీ కొరకడానికీ పిలుపు, భోజనానికి కాదు. గంటన్నర కూర్చుని లేచిపో. వేసవిలో ఊరి భోజనాలు పెడతారు. పోస్టర్ మీద కంచం, చెంచా ఎవరివి వాళ్ళు తెచ్చుకోమని రాసి ఉంటే నిజంగానే తీసుకెళ్ళు.

నవంబర్ 11న, అంటే మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజున, ఉదయం స్మారక స్తంభం దగ్గరికి వెళ్ళు. మా ఊళ్ళో ఇప్పుడు జనం నూట యాభై లేరు. ఆ స్తంభం మీద 1914–18లో పోయిన కుర్రాళ్ళ పేర్లు మాత్రం రెండు నిలువు వరసలు, ఒకే ఇంటిపేరు మూడేసి సార్లు. మేయర్ ఒక్కో పేరూ చదువుతాడు, జనం జవాబు చెప్తారు. తర్వాత హాల్లో అందరికీ ఒక గ్లాసు. ఆ రోజు నేను వెళ్ళి నిలబడ్డాకే మా పక్కింటాయన నాతో వాతావరణం తప్ప వేరే మాట మాట్లాడాడు.

కానీ అమ్మాయ్, ఈ పల్లెలు చిక్కిపోతున్నాయి. మేం వచ్చినప్పుడు ఊళ్ళో కెఫే ఉండేది, ఇప్పుడు లేదు. పోస్టాఫీసు మేరీలో ఒక బల్లకి కుదించుకుపోయింది. స్కూలు సంగతి కచ్చితంగా కనుక్కో.

లోట్‌లో_లంకవాడు · మంగళవారం, రాత్రి 9:05

యానాం మావయ్యగారు చెప్పినదానికి ఇంకో మాట. ఇక్కడ మూడు నాలుగు ఊళ్ళు కలిపి బడి నడుపుతారు. చిన్నపిల్లల తరగతి ఒక ఊళ్ళో, పెద్దపిల్లలది ఇంకో ఊళ్ళో, మధ్యలో మినీ బస్సు. మూడేళ్ళ నుంచి బడి తప్పనిసరి కాబట్టి మీ పాపకి మార్చిలోనే సీటు కావాలి. పిల్లలు తక్కువ ఉంటే సెప్టెంబర్‌కి తరగతి ఎత్తేస్తారని ప్రతి ఏడూ గొడవ. అందుకే పిల్లలున్న కుటుంబం వస్తోందంటే మేయర్ ఎదురొచ్చి తీసుకెళ్తాడు, అది మీకు లాభమే. క్యాంటీన్‌లో మాంసం లేని భోజనం పెడతారా అన్నది మాత్రం ముందే అడగండి.

గోంగూర_జిందాబాద్ · మంగళవారం, రాత్రి 9:20

ఇంత చదివాక నాకో డౌట్. అక్కడ ఇళ్ళు చాలా చవక అంటారు కదా, ఒకటి కొని పడేస్తే వీసా ఏమైనా వస్తుందా?

లోట్‌లో_లంకవాడు · మంగళవారం, రాత్రి 9:31

రాదు. ఇల్లున్నా టూరిస్ట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే. పైగా చవక ఇల్లంటే పైకప్పు కూలేదే. పలకరాతి కప్పు మార్చాలంటే ఇంటి ధరని మించిపోవచ్చు.

మోడరేటర్ · మంగళవారం, రాత్రి 9:45

ఇళ్ళు కొనడం గురించి వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్ళగలరు.

వరంగల్_పోరడు · బుధవారం, ఉదయం 7:50

అన్నలూ, అక్కడ చాలా ఊళ్ళ పేరు బోర్డులు తలకిందులుగా పెట్టి ఉన్నయ్. మా నాన్న "ఇదేదో అపశకునం" అన్నడు. ఏంది కథ?

అవేరోన్_అక్క · బుధవారం, ఉదయం 11:10

రైతుల నిరసన తమ్ముడూ. 2023 చివర్లో పక్కనే టార్న్ జిల్లాలో మొదలుపెట్టారు, "అంతా తలకిందులుగా నడుస్తోంది" అని. ఇంతలో దేశమంతా పాకింది. మా ఊరి బోర్డు తిప్పింది మా ఆయనే, మేయర్ నిచ్చెన పట్టుకున్నాడు. ఆ బోర్డు తలకిందులుగా ఉన్నా అక్కణ్ణుంచి స్పీడు 50 దాటకూడదు సుమా! ఊళ్ళో కుడివైపు సందులోంచి ట్రాక్టరొస్తే మనమే ఆగాలి, గుర్తు లేకపోయినా సరే. మన కార్లకి గీతలు పడేది అక్కడే.

కొత్తకాపురం_31 · శనివారం, రాత్రి 8:55

అందరికీ పేరుపేరునా థాంక్స్. గురువారం వెళ్ళి మళ్ళీ చూసొచ్చాం. మేరీ మూసి ఉంది (!), కానీ తలుపు మీద మేయర్ నంబర్ ఉంటే ఫోన్ చేశాం, పది నిమిషాల్లో బూట్లకి మట్టితో వచ్చారు. పాప పేరు అడిగి స్కూలుకి తనే ఫోన్ చేశారు. సీటు ఉంది. కానీ ఆ స్కూలు ఎనిమిది కిలోమీటర్ల అవతల ఊళ్ళో, మినీ బస్సు మాత్రం ఇంటి ముందే ఆగుతుంది.

మావారికి ఆ పల్లె ఇల్లే కావాలి. నాకు లైసెన్స్ లేకుండా ధైర్యం చాలడం లేదు. అందుకని మూడో దారి చూస్తున్నాం: ఫిజాక్ లైన్‌లోనే ట్రైను ఆగే ఇంకో ఊరు, బేకరీ, మందుల షాపు ఉన్నది. ఇల్లు చిన్నదే, పెరడు జానెడు. అక్కడైతే మావయ్యగారు సొంతంగా ట్రైనెక్కి ఫిజాక్ శనివారం సంతకి పోగలరు. ఈజిప్టు లిపిని చదివి చెప్పిన షాంపోలియాన్ పేరు మీదున్న మ్యూజియం చూపిస్తాననేసరికి ఆయన ఇప్పట్నుంచే ఆ లిపి గురించి యూట్యూబ్ చూస్తున్నారట.

యానాం_మావయ్య · శనివారం, రాత్రి 9:20

మంచి ఆలోచన. ఒకటి చూసుకో, ట్రైను ఆగుతుందంటే రోజుకి ఎన్ని ఆగుతాయో, ఆదివారం ఎన్నో. పనులొస్తే నెలల తరబడి బస్సు వేస్తారు.

ప్యారిస్_పప్పుచారు · శనివారం, రాత్రి 9:34

బేకరీకి వారంలో సెలవు ఏ రోజో కూడా అడగండి. ఆ ముందురోజు రొట్టె రెండు కొనాలి.

లోట్‌లో_లంకవాడు · శనివారం, రాత్రి 10:02

లైసెన్స్ థియరీకి ఈ రాత్రే మొదలుపెట్టండి, మార్చికల్లా ఆ ముక్క అయిపోతుంది. ఫిజాక్ దగ్గర నాకు తెలిసిన డ్రైవింగ్ స్కూల్ టీచరమ్మ నెమ్మదిగా మాట్లాడుతుంది, నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను. మీ మావయ్యగారు వచ్చాక ఒక శనివారం మా ఇంటికి భోజనానికి రండి. అపెరో కాదు, అరిటాకు లేదు గానీ భోజనమే.